గెలాక్సీలు ఢీకొన్న చోట కృష్ణబిలాల వేట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. రెండు గెలాక్సీలు కలిసిపోతున్నప్పుడు వాటి నడుమ దాగి ఉన్న కృష్ణబిలాలను ఎక్స్-కిరణాలతో ఎలా పట్టుకుంటారు, ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే అందరి ప్రశ్న. ఒకే సందేహం ఉన్న ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: కృష్ణబిలం నుంచి కాంతి కూడా తప్పించుకోలేదంటారు. మళ్లీ మీరే దాన్ని ఎక్స్-కిరణాల్లో చూశామంటారు. రెండూ ఎలా నిజం?

జవాబు: కనిపించేది కృష్ణబిలం కాదు, అందులో పడబోతున్న వాయువు. ఆ వాయువు నేరుగా లోపలికి పోదు. సుడి తిరుగుతూ పళ్లెంలా పరుచుకుని, రాపిడికి వేడెక్కి, అతినీలలోహిత కాంతిని వెదజల్లుతుంది. పళ్లెం లోపలి అంచు దగ్గర వంద కోట్ల డిగ్రీల స్థాయిలో కాగే ఎలక్ట్రాన్ల మేఘం ఉంటుంది. దాన్ని కరోనా అంటారు. పళ్లెం నుంచి బయల్దేరిన ఫోటాన్లు ఈ ఎలక్ట్రాన్లను తాకి, శక్తి పుంజుకుని, ఎక్స్-కిరణాలుగా బయటపడతాయి.

పది కోట్ల సూర్యుళ్ల ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం వ్యాసార్ధం సుమారు 30 కోట్ల కిలోమీటర్లు. అంటే భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి రెండింతలు. కరోనా అంతకు కొన్ని రెట్లు ఉంటుంది, అంతే. ఒక గెలాక్సీలోని నక్షత్రాలన్నీ కలిసి ఇచ్చే ఎక్స్-కిరణాల కన్నా ఎక్కువ వెలుగు అంత చిన్న చోటు నుంచి వస్తోందంటే, దానికి పెద్ద కృష్ణబిలం తప్ప మరో వివరణ లేదు.

ప్రశ్న: మామూలు టెలిస్కోపులకు ఎందుకు దొరకవు? గెలాక్సీలు కలిసేటప్పుడే ఎక్కువగా దాక్కుంటాయని ఎందుకంటారు?

జవాబు: రెండు గెలాక్సీలు ఒకదాని మీదుగా ఒకటి సాగినప్పుడు వాటిలోని నక్షత్రాలు దాదాపు ఎప్పుడూ గుద్దుకోవు, మధ్య అంత ఖాళీ ఉంటుంది. వాయువు సంగతి వేరు. వాయు మేఘాలు తాకుతాయి, నలుగుతాయి. గురుత్వాకర్షణ ఆటుపోట్లు గెలాక్సీ ఆకారాన్ని వంకర చేస్తాయి. ఆ వంకర వాయువు తిరుగుడును మందగింపజేస్తుంది. తిరుగుడు తగ్గిన వాయువు కేంద్రం వైపు జారుతుంది. వేల కాంతి సంవత్సరాల మేర చెదిరి ఉన్న సరుకంతా చివరికి కొన్ని వందల కాంతి సంవత్సరాల చోటులో కుక్కినట్టు చేరుతుంది. కృష్ణబిలానికి తిండి దొరికేదీ అప్పుడే, దాని చుట్టూ తెర కమ్ముకునేదీ అప్పుడే. రెండింటికీ కారణం ఒకటే కాబట్టి, బాగా వెలిగే దశలోనే అది బాగా కప్పబడి ఉంటుంది.

మామూలు గెలాక్సీ కేంద్రంలో ఈ అడ్డు వడ ఆకారంలో ఉంటుందని భావిస్తారు. పక్క నుంచి చూస్తే కృష్ణబిలం మరుగవుతుంది, పైనుంచి చూస్తే రంధ్రంలోంచి కనిపిస్తుంది. విలీనం చివరి దశలో తెర దాదాపు అన్ని వైపులా ఉంటుంది. దీనివల్ల ఇంకో చిక్కు వస్తుంది. దృశ్యకాంతిలో చురుకైన, అంటే వాయువును మింగుతూ వెలిగే, కృష్ణబిలాన్ని గుర్తించేది దూరంగా ఉన్న వాయువు మీద దాని కాంతి పడి పుట్టించే ఆక్సిజన్, నైట్రోజన్ వర్ణరేఖలతో. అన్ని వైపులా మూసేస్తే ఆ కాంతి బయటికే రాదు, ఆ రేఖలు పుట్టవు. అప్పుడు గెలాక్సీ వర్ణపటం కొత్త నక్షత్రాలు పుట్టే మామూలు గెలాక్సీదిలాగే ఉంటుంది.

తెర మందాన్ని ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోతలో మన చూపు దారి పొడవునా ఎన్ని హైడ్రోజన్ పరమాణువులు ఉన్నాయన్న లెక్కతో చెబుతారు. 10²² ఉంటే, దానితోపాటు ఉండే ధూళి దృశ్యకాంతిని వందో వంతుకు దించేస్తుంది. 10²³ ఉంటే దృశ్యకాంతి ఇక లేనట్టే. అదే 10²³ తెరలోంచి 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఇకపై కేఈవీ) ఎక్స్-కిరణాల్లో నూటికి ఒకటో రెండో బయటపడతాయి, 4 కేఈవీ దగ్గర సగం బయటపడతాయి. శక్తి పెరిగిన కొద్దీ చొచ్చుకుపోయే గుణం వేగంగా పెరుగుతుంది. ఎక్స్-కిరణాల మీద ఇంత నమ్మకం పెట్టుకోవడానికి కారణం ఇదే.

10²⁴ దాటితే ఎక్స్-కిరణాలకూ కష్టమే. 1.5×10²⁴ దగ్గర ఒక్కో ఫోటాన్ సగటున ఒకసారైనా ఎలక్ట్రాన్‌ను ఢీకొని దారి మళ్లుతుంది. ఆ హద్దు దాటిన వాటిని కాంప్టన్-మందం కేంద్రకాలు అంటారు (కేంద్రకం అంటే ఇక్కడ కృష్ణబిలం ఉండే గెలాక్సీ నడిమి భాగం). వాటి నుంచి 10 కేఈవీ లోపు నేరుగా వచ్చేది చాలా తక్కువ. పక్క గోడల మీద పడి పరావర్తనం చెందిన కొద్దిపాటి వెలుగే మనకు చేరుతుంది.

ప్రశ్న: ఒక్క మంచి ఎక్స్-రే టెలిస్కోపు చాలదా? ప్రతిసారీ చంద్ర, న్యూస్టార్ అని రెండు పేర్లు ఎందుకు వినిపిస్తాయి?

జవాబు: రెండూ అంతరిక్షంలో తిరిగే ఎక్స్-రే టెలిస్కోపులే. చంద్రకు చూపు పదును, న్యూస్టార్‌కు తెర దాటే శక్తి. ఈ రెండు గుణాలూ ఒకే పరికరంలో ఇంతవరకు రాలేదు.

ఎక్స్-కిరణాలు అద్దానికి ఎదురుగా తగిలితే అందులో ఇంకిపోతాయి. నీటి మీద చదునుగా విసిరిన గులకరాయిలా, ఉపరితలాన్ని రాసుకుంటూ తగిలితేనే మళ్లుతాయి. అందుకే ఈ టెలిస్కోపుల అద్దాలు గిన్నెలా కాక ఒకదానిలో ఒకటి దూర్చిన గొట్టాల్లా ఉంటాయి. 1999 జులై 23న కొలంబియా షటిల్ మోసుకెళ్లిన చంద్రలో ఇరీడియం పూత పూసిన నాలుగు జతల గొట్టాలున్నాయి. అవి మందపాటి గాజుతో, అతి నునుపుగా తీర్చినవి. అందువల్లే అర ఆర్క్‌సెకను పదును వచ్చింది (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను). 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న 2 సెంటీమీటర్ల వస్తువు మన కంటి దగ్గర చేసే కోణం అంత. అయితే 8 కేఈవీ దాటాక చంద్ర చూపు మందగిస్తుంది.

2012 జూన్ 13న వెళ్లిన న్యూస్టార్ 3 నుంచి 79 కేఈవీ దాకా చూస్తుంది. దాని ఒక్కో అద్దాల గుత్తిలో 133 పల్చటి గొట్టాలుంటాయి. వాటి మీద రెండు రకాల పదార్థాలను పొరలు పొరలుగా పూశారు. ఆ పొరలే అధిక శక్తి కిరణాలను మళ్లిస్తాయి. అద్దాలకూ డిటెక్టర్లకూ మధ్య 10 మీటర్ల దూరం కావాలి. అంత పొడవు రాకెట్‌లో పట్టదు కాబట్టి కక్ష్యకు చేరాక స్తంభాన్ని చాచారు. పదును మాత్రం 18 ఆర్క్‌సెకన్లే. ఒక విలీన గెలాక్సీలోని రెండు కేంద్రకాలూ దానికి సాధారణంగా ఒకే చుక్కగా కనిపిస్తాయి.

సర్పధరి రాశిలోని ఎన్‌జీసీ 6240 ఇందుకు మంచి ఉదాహరణ. సుమారు 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ గెలాక్సీలో రెండు కేంద్రకాలున్నాయని ముందే తెలుసు. వాటిలో ఏది చురుకైనదో తెలియదు. చంద్ర 2001లో చూసిన సమాచారం మీద స్టెఫనీ కొమొస్సా బృందం పనిచేసి, రెండూ చురుకైన కృష్ణబిలాలేనని 2002 నవంబరులో ప్రకటించింది. వాటి మధ్య కోణం 1.5 ఆర్క్‌సెకన్లు, దూరంగా చెబితే దాదాపు 3,000 కాంతి సంవత్సరాలు. తర్వాత న్యూస్టార్ ఆ రెండింటినీ విడదీయలేకపోయినా 10 కేఈవీ పైన మొత్తం వెలుగును కొలిచింది. ఏ కేంద్రకం ఎంత ఇస్తోందన్న వాటాను చంద్ర బొమ్మ నుంచి తీసుకుని, రెండు కొలతలనూ కలిపి చూస్తే, రెండు కేంద్రకాలూ కాంప్టన్-మందం తెరల వెనకే ఉన్నాయని 2016లో తేలింది.

ప్రశ్న: ఒక విలీన గెలాక్సీలో రెండు కృష్ణబిలాలు ఉన్నాయని తేల్చడానికి మొదటి నుంచి చివరి దాకా ఏమేం చేస్తారు? పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి?

జవాబు: ఈ ప్రశ్నకు కాస్త పొడవుగానే జవాబు చెప్పాలి, ఎందుకంటే పొరపాట్లు ప్రతి మెట్టు దగ్గరా ఉన్నాయి.

మొదట ఎక్కడ చూడాలో తేల్చుకోవాలి. చంద్ర సమయం చాలా విలువైనది, కనిపించిన ప్రతి విలీనాన్నీ చూడటం కుదరదు. అందుకే పరారుణ సర్వే చేసిన వైజ్ ఉపగ్రహం పట్టికలతో వడపోస్తారు. కృష్ణబిలం దగ్గరి ధూళి కొన్ని వందల డిగ్రీల నుంచి వెయ్యి డిగ్రీల పైదాకా వేడెక్కి 3 నుంచి 5 మైక్రాన్ల దగ్గర వెలుగుతుంది. కొత్త నక్షత్రాలు వేడి చేసే ధూళి అంతకన్నా చల్లగా ఉంటుంది. 3.4, 4.6 మైక్రాన్ల పట్టీల మధ్య ప్రకాశ పరిమాణాల తేడా 0.8 దాటితే కృష్ణబిలం ఉన్నట్టు సాధారణంగా లెక్కిస్తారు. విలీనాలకు ఈ గీతను 0.5కి దించడం మంచిది. బాగా కప్పబడిన కేంద్రకం పక్కన నక్షత్రాల వెలుగు కలిసిపోయి తేడాను తగ్గిస్తుంది కాబట్టి, 0.8 అని పట్టుబడితే మనం వెతుకుతున్నవే జారిపోతాయి. వైజ్ పదును 6 ఆర్క్‌సెకన్లు మాత్రమే కనుక, ఆ వేడి ఏ కేంద్రకానిదో అది చెప్పలేదు.

తర్వాత ఎంతసేపు చూడాలో లెక్కగట్టాలి. ఎన్‌జీసీ 6240 అంత దూరంలో, 2 నుంచి 10 కేఈవీ మధ్య సెకనుకు 10⁴² ఎర్గ్‌ల వెలుగున్న కృష్ణబిలాన్ని తీసుకోండి (ఎర్గ్ అంటే శక్తిని కొలిచే చిన్న ప్రమాణం). మన దగ్గరికి వచ్చేసరికి చదరపు సెంటీమీటరుకు సెకనుకు సుమారు 6×10⁻¹³ ఎర్గ్‌లు మిగులుతాయి. 4 కేఈవీ ఫోటాన్లుగా మార్చి, చంద్రకు ఆ శక్తి దగ్గర ఉన్న 350 చదరపు సెంటీమీటర్ల సమర్థ వైశాల్యంతో గుణిస్తే సెకనుకు 0.03 ఫోటాన్లు. పదివేల సెకన్లకు మూడొందలు. ఇది తెర లేనప్పటి మాట. కాంప్టన్-మందం తెర ఉంటే ఇందులో నూటికి ఒకటో రెండో మిగులుతాయి, అంటే మూడు నుంచి ఆరు ఫోటాన్లు. చాలా ప్రతిపాదనలు తెర లేని లెక్కతో సమయం అడిగి, చేతికి అయిదు ఫోటాన్లు వచ్చాక ఏమీ తేల్చలేక ఆగిపోతాయి. చెడ్డ సందర్భాన్ని ఊహించుకుని అడగాలి.

లక్ష్యాన్ని టెలిస్కోపు అక్షం మీదే ఉంచాలి. నాలుగైదు ఆర్క్‌నిమిషాలు పక్కకు జరిగితే చుక్క సాగి గుడ్డు ఆకారమై, దగ్గరి జంట విడిపోదు. డిటెక్టర్ పిక్సెల్ వెడల్పు 0.492 ఆర్క్‌సెకన్లు. అంటే అద్దాల పదునూ పిక్సెల్ కొలతా దాదాపు సమానం, కాబట్టి పిక్సెల్ స్థాయి బొమ్మలో ఆ పదును కొంత వృథా అవుతుంది. టెలిస్కోపును గురి చుట్టూ నెమ్మదిగా ఊపుతూ చూస్తారు గనుక, ప్రతి ఫోటాన్ చోటును పిక్సెల్ లోపల కూడా అంచనా కట్టవచ్చు. బొమ్మను పావు పిక్సెల్ లేదా ఎనిమిదో వంతు పిక్సెల్ కొలతతో గీయాలి. ఒక ఆర్క్‌సెకను దూరపు జంట చాలాసార్లు ఈ ఒక్క మార్పుతోనే విడిపోతుంది.

ఇక్కడ కొత్తవాళ్లు తరచుగా పడే గుంట ఒకటుంది. చంద్ర అద్దాలు ఏ చుక్క పక్కనైనా 0.8 ఆర్క్‌సెకన్ల దూరంలో కొక్కెంలా పొడుచుకు వచ్చిన చిన్న భాగాన్ని చూపిస్తాయి. అసలు వెలుగులో సుమారు 5 శాతం అందులో పడుతుంది. ప్రకాశవంతమైన కేంద్రకం పక్కన ఇది అచ్చం బలహీనమైన రెండో కృష్ణబిలంలా ఉంటుంది. కొక్కెం దిశ ఆకాశాన్ని కాక టెలిస్కోపు తిరిగి ఉన్న కోణాన్ని బట్టి మారుతుంది. అనుమానం ఉంటే టెలిస్కోపు వేరే కోణంలో ఉన్నప్పుడు మరోసారి చూడాలి. నిజమైన చుక్క కదలదు, కొక్కెం తిరుగుతుంది.

చుక్కలు దొరికాక అవి దృశ్యకాంతి, పరారుణ బొమ్మల్లోని కేంద్రకాల మీదే ఉన్నాయో లేదో చూడాలి. చంద్ర చెప్పే స్థానంలో ఒక ఆర్క్‌సెకనుకు దగ్గరగా తప్పు ఉండవచ్చు. జంట దూరమే 1.5 ఆర్క్‌సెకన్లయితే ఈ తప్పు చిన్నదేమీ కాదు. అదే బొమ్మలో కనిపించే దూరపు క్వేజార్లను (చుక్కల్లా వెలిగే చురుకైన గెలాక్సీ కేంద్రకాలను) దృశ్యకాంతి పట్టికలతో జత చేసి మొత్తం బొమ్మను సరిదిద్దుకోవాలి. పోల్చేందుకు దృశ్యకాంతి కన్నా 2 మైక్రాన్ల పరారుణ బొమ్మ నయం. ధూళి ఎక్కువున్న చోట దృశ్యకాంతిలో మెరిసేది అసలు కేంద్రకం కాక, ధూళి మధ్య సందు కావచ్చు.

ఇక మిగిలింది పోటీదారులను తొలగించడం. మా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే, బొమ్మ అందంగా రాగానే చాలామంది తొందరపడేదీ ఇక్కడే. నక్షత్రాలు జోరుగా పుట్టే చోట భారీ నక్షత్రాలతో జతకట్టిన చిన్న కృష్ణబిలాలు, న్యూట్రాన్ తారలు కూడా ఎక్స్-కిరణాలనిస్తాయి. ఏడాదికి ఒక సూర్యుడంత ద్రవ్యరాశి నక్షత్రాలుగా మారితే 2 నుంచి 10 కేఈవీ మధ్య సెకనుకు సుమారు 1.6×10³⁹ ఎర్గ్‌లు వస్తాయి. పాత నక్షత్రాల జంటల వాటాగా, ఒక్కో సూర్య ద్రవ్యరాశికి 9×10²⁸ ఎర్గ్‌లు కలపాలి. ఏడాదికి వంద సూర్యుళ్లను పుట్టించే విలీనంలో నక్షత్రాలే 1.6×10⁴¹ ఎర్గ్‌లు ఇవ్వగలవన్నమాట. 10⁴² దాటితే కృష్ణబిలమేనని ధైర్యంగా అనవచ్చు. కానీ తెర వెనకున్న కృష్ణబిలం మనకు చూపించేది 10⁴¹ మాత్రమే కావచ్చు. అప్పుడు వెలుగు ఎంతుందన్న లెక్క ఒక్కటే ఏమీ తేల్చదు.

అలాంటప్పుడు 12 మైక్రాన్ల పరారుణ వెలుగుతో పోలుస్తారు. తెర లేని కేంద్రకాల్లో ఆ వెలుగూ 2 నుంచి 10 కేఈవీ ఎక్స్-కిరణాల వెలుగూ దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి. పరారుణం ఘనంగా ఉండి ఎక్స్-కిరణాలు అందులో ఇరవయ్యో వంతో, ఇంకా తక్కువో ఉంటే తెర కాంప్టన్-మందమని అనుమానించాలి. ఆ 12 మైక్రాన్ల కొలత కేంద్రకానికే పరిమితమై ఉండాలి. గెలాక్సీ మొత్తం కొలత తీసుకుంటే నక్షత్రాల ధూళి కలిసి, లేని తెరను ఉన్నట్టు చూపిస్తుంది.

ప్రశ్న: పది, పన్నెండు ఫోటాన్లతో కృష్ణబిలం ఉందని ప్రకటించడం అతిశయోక్తి కాదా?

జవాబు: ఉందనడానికి పది చాలు. ఎలాంటిదో చెప్పడానికి చాలవు.

ఖాళీ ఆకాశంలో 1.5 ఆర్క్‌సెకన్ల వ్యాసార్ధపు వృత్తంలో చంద్రకు 50,000 సెకన్లలో అడ్డదిడ్డంగా పడే ఫోటాన్లు ఒకటికి మించవు. ఒకటి రావాల్సిన చోట పది రావడం కాకతాళీయం కాదు. చిక్కేమిటంటే విలీన గెలాక్సీ మధ్యభాగం ఖాళీ ఆకాశం కాదు, అక్కడ వేడి వాయువు పరుచుకుని ఉంటుంది. నేపథ్యాన్ని దూరంగా ఖాళీ చోట కొలిచి తీసేస్తే ప్రతి వాయు ముద్దా కొత్త కృష్ణబిలమైపోతుంది. చుక్కను ఆనుకుని ఉన్న వలయంలోనే కొలవాలి.

ఇంత తక్కువ ఫోటాన్లను గుంపులు చేసి కై-వర్గం పద్ధతిలో వర్ణపటానికి గీత సరిపెట్టకూడదు. గుంపుకు కనీసం ఇరవై ఉంటే తప్ప ఆ పద్ధతి నిలబడదు. విడి ఫోటాన్లను లెక్కించే క్యాష్ పద్ధతి వాడాలి. పది ఇరవై ఫోటాన్లు ఉన్నప్పుడు 2 కేఈవీ పైన ఎన్ని, కింద ఎన్ని అన్న నిష్పత్తి దగ్గర ఆగడం నిజాయితీ. తెర మందాన్ని అంకెల్లో చెప్పాలంటే కనీసం కొన్ని వందల ఫోటాన్లు కావాలి.

ఆ నిష్పత్తిని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. తెర మందమైతే తక్కువ శక్తి ఫోటాన్లు ఆగిపోయి, మిగిలినవి ఎక్కువ శక్తివే ఉండాలి కదా అనిపిస్తుంది. కానీ కాంప్టన్-మందం కేంద్రకంలో అసలు వెలుగు పూర్తిగా ఆగి, చుట్టూ ఉన్న వేడి వాయువు నుంచి వచ్చే తక్కువ శక్తి ఫోటాన్లే లెక్కలో నిండిపోతాయి. అన్నిటికన్నా దట్టంగా కప్పబడినది, ఈ కొలతలో తెరే లేనిదానిలా కనిపించే ప్రమాదం ఉంది.

ప్రశ్న: 6.4 అనే అంకె ఈ వార్తల్లో పదేపదే వస్తుంది. ఏమిటది?

జవాబు: ఇనుము వర్ణరేఖ. బలమైన ఎక్స్-కిరణం ఇనుము పరమాణువు అట్టడుగు పొరలోని ఎలక్ట్రాన్‌ను తన్నేస్తే, పై పొరలోది ఆ ఖాళీలోకి దిగుతూ 6.4 కేఈవీ ఫోటాన్‌ను విడుస్తుంది. అది రావాలంటే చల్లని, దట్టమైన పదార్థం మీద తీవ్రమైన ఎక్స్-కిరణాలు పడుతూ ఉండాలి. కప్పబడిన కృష్ణబిలం చుట్టూ సరిగ్గా ఉండేది అదే. తెర వెనక అసలు వెలుగు ఎంత తగ్గితే ఈ రేఖ పక్కనున్న వర్ణపటం మీద అంత ఎత్తుగా లేస్తుంది. తెర లేని కేంద్రకాల్లో దీని సమాన వెడల్పు (పక్కనున్న వర్ణపటంతో పోల్చి రేఖ బలాన్ని చెప్పే కొలత) నూరు ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ ఉంటుంది, కాంప్టన్-మందం వాటిలో వెయ్యికి చేరుతుంది.

సరిచూసుకోవాల్సినది ఒకటి: 6.7 కేఈవీ దగ్గర ఇంకో ఇనుము రేఖ ఉంది. అది కోట్ల డిగ్రీల వేడి వాయువుది, నక్షత్రాల పేలుళ్ల నుంచీ రావచ్చు. రెండింటినీ కలిపి ఒకటిగా చదివితే తప్పు నిర్ధారణకు వస్తాం. ఎన్‌జీసీ 6240లో నమ్మకం కుదిరింది 6.4 రేఖ రెండు కేంద్రకాల దగ్గరా కనిపించాకే. రెండు చుక్కల బొమ్మ కన్నా ఈ రేఖనే మేం బలమైన సాక్ష్యంగా చూస్తాం.

ప్రశ్న: దృశ్యకాంతి వర్ణపటంలో ఆక్సిజన్ రేఖ రెండుగా చీలితే రెండు కృష్ణబిలాలు ఉన్నట్టేనని చదివాను. ఎక్స్-కిరణాల అవసరం ఇంకా ఉందా?

జవాబు: ఉంది. చీలిన రేఖ చెప్పేది ఒకటే: వాయువు రెండు వేర్వేరు వేగాలతో కదులుతోంది. రెండు కేంద్రకాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగినా అలా కనిపిస్తుంది. ఒకే కృష్ణబిలం రెండు వైపులా వాయువును ఎగజిమ్మినా, వాయువు పళ్లెంలా తిరిగినా అలాగే కనిపిస్తుంది. ఇలా ఎంపిక చేసిన వాటిని పదునుగా పరిశీలించినప్పుడు చాలామటుకు ఒకే కృష్ణబిలం ఉన్నవేనని తేలింది. వ్యతిరేక దిశలో కూడా ఈ పద్ధతి తప్పుతుంది. 42.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని మార్కేరియన్ 739లో ఒక కేంద్రకం దృశ్యకాంతిలో ముందే తెలుసు. రెండోదానిలో అలాంటి గుర్తు ఏదీ లేదు. 2011లో చంద్ర బొమ్మలో అదీ చురుకైనదేనని బయటపడింది.

ప్రశ్న: రెండు గెలాక్సీలు కలిస్తే రెండు కృష్ణబిలాలూ వెలగాలి కదా. ఒకటే కనిపిస్తే రెండోది లేనట్టా?

జవాబు: కాదు. తిండి అందని కృష్ణబిలం వెలగదు. ఆర్ప్ 299 అనే విలీనంలో ఎక్కువ శక్తి కిరణాలన్నీ ఒక కేంద్రకం నుంచే వస్తున్నాయని న్యూస్టార్ 2015లో చూపింది. రెండోది నిద్రలో ఉండవచ్చు, లేదా చాలా మందపు తెర కింద ఉండవచ్చు. వాయువు ఆగి ఆగి పడుతుంది, రెండూ ఒకే సమయంలో వెలిగే కాలం విలీనం మొత్తం కాలంలో కొంతే. మూడు వెలిగిన సందర్భమూ ఉంది. సుమారు వంద కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎస్‌డీఎస్‌ఎస్ జె0849+1114లో మూడు గెలాక్సీలు కలుస్తున్నాయి, మూడు కేంద్రకాలూ చురుకైనవేనని 2019లో తేలింది. దానికి చంద్ర, న్యూస్టార్, వైజ్ సమాచారంతోపాటు నేల మీది టెలిస్కోపుల వర్ణపటాలూ కావలసి వచ్చాయి.

ప్రశ్న: విలీనాల్లోనే ఎక్కువ దాగుతాయన్నది అంకెల్లో రుజువైందా?

జవాబు: దగ్గరి విశ్వం వరకు బలమైన ఆధారమే ఉంది. క్లాడియో రిచ్చి బృందం 2017లో పరారుణంలో వెలిగే 30 గెలాక్సీల్లోని 52 కేంద్రకాలను న్యూస్టార్ తదితరాలతో పరిశీలించింది. విలీనం చివరి దశలో, కేంద్రకాల మధ్య దూరం సుమారు 35,000 కాంతి సంవత్సరాల లోపు ఉన్నప్పుడు, చురుకైన వాటిలో 65 శాతం కాంప్టన్-మందమని తేలింది. మామూలుగా దగ్గరి గెలాక్సీల్లో ఆ వాటా 27 శాతం చుట్టూ ఉంటుంది. మైకేల్ కాస్ బృందం 2018లో మరో వైపు నుంచి వచ్చింది. స్విఫ్ట్ ఉపగ్రహం అధిక శక్తి సర్వేలో దొరికిన గెలాక్సీలను పరారుణంలో పదునుగా చూస్తే, బాగా కప్పబడి బాగా వెలిగే వాటిలో 17 శాతానికి పైగా చివరి దశ విలీనాలేనని, చురుకు లేని గెలాక్సీల్లో అవి ఒక శాతమేనని తేలింది.

అయితే మొదటి అధ్యయనం పరారుణంలో వెలిగే వాటినే ఎంచుకుంది, అంటే ధూళి ఎక్కువున్న వాటినే. 65 శాతాన్ని విశ్వంలోని ప్రతి విలీనానికీ వర్తింపజేయకూడదు. పైగా 52 కేంద్రకాలు చిన్న సంఖ్య. ఆ 65కి అటూ ఇటూ పన్నెండు, పదమూడు శాతం అనిశ్చితి ఉంది.

ప్రశ్న: ఇంకా దగ్గరికి వచ్చేసిన జంటలను చంద్ర విడదీయగలదా?

జవాబు: లేదు. పది శాతం ఎరుపు విస్థాపన దగ్గర, అంటే విశ్వం విస్తరణతో కాంతి తరంగాలు పది శాతం సాగేంత దూరంలో, ఒక ఆర్క్‌సెకను అంటే సుమారు 6,000 కాంతి సంవత్సరాలు. అంతకన్నా దగ్గరి జంట ఆ దూరంలో ఒకే చుక్క. యూజీసీ 4211లో 750 కాంతి సంవత్సరాల ఎడంలో ఉన్న జంటను 2023లో విడదీసింది ఆల్మా రేడియో టెలిస్కోపుల సముదాయం. 0402+379 అనే గెలాక్సీలో 24 కాంతి సంవత్సరాల ఎడం ఉన్న జంట ఖండమంత విస్తారంగా పరిచిన రేడియో డిష్‌ల జాలంతో దొరికింది. అంతకన్నా దగ్గరి జంటలను గురుత్వ తరంగాలతో వెతకాలి. గడియారంలా క్రమం తప్పక రేడియో స్పందనలు పంపే న్యూట్రాన్ తారలైన పల్సార్లలో, ఆ తరంగాల మొత్తం రొదకు ఆధారాలు 2023 జూన్‌లో వెలువడ్డాయి.

ప్రశ్న: టెలిస్కోపు లేకుండా, ఇంట్లో కంప్యూటర్‌తో ఇందులో ఏదైనా స్వయంగా చూడవచ్చా?

జవాబు: చూడవచ్చు. చంద్ర సమాచారం నిర్ణీత గడువు తర్వాత అందరికీ ఉచితంగా అందుతుంది. విశ్లేషణకు వాడే సియావో ప్యాకేజీ, బొమ్మలు చూసే డీఎస్9 కూడా ఉచితమే. చంద్ర ఆర్కైవ్‌లో ఎన్‌జీసీ 6240 అని వెతికి, 2001 నాటి పరిశీలనను దించుకోండి. అది సుమారు 37,000 సెకన్లది. ముందు సియావోలోని పునఃశుద్ధి ఆదేశం నడపండి. ఇది కొత్త క్రమాంకనాన్ని వర్తింపజేసి, ఫోటాన్ల చోట్లను పిక్సెల్ లోపలి దాకా సవరిస్తుంది. పాత ఫైలుతోనే మొదలుపెడితే తర్వాతి మెట్లు సరిగ్గా రావు.

తర్వాత 0.5 నుంచి 2 కేఈవీ దాకా ఒక బొమ్మ తీయండి. పావు పిక్సెల్ కొలతతో తీయండి. ఇందులో మీకు సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకున్న వేడి వాయువు కనిపిస్తుంది, కేంద్రకాలు అందులో మునిగి ఉంటాయి. చాలామంది ఇక్కడే నిరాశపడి ఆపేస్తారు. ఇప్పుడు అదే కొలతతో 5 నుంచి 8 కేఈవీ బొమ్మ తీయండి. ఆదేశంలో శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో, అంటే 5000, 8000 అని ఇవ్వాలి. 5, 8 అని ఇస్తే ఖాళీ బొమ్మ వస్తుంది. వాయువు మాయమై ఉత్తర దక్షిణాలుగా రెండు చుక్కలు మిగులుతాయి, దక్షిణానిది ఎక్కువ వెలుగుతో ఉంటుంది. నునుపు చేసే వెడల్పును రెండు మూడు చిన్న పిక్సెళ్లకు మించనివ్వకండి. మించితే రెండూ మళ్లీ ఒకటై కనిపిస్తాయి. చివరగా 6 నుంచి 7 కేఈవీ వరకు మాత్రమే ఉంచి చూడండి. ఎన్‌జీసీ 6240 మన నుంచి దూరంగా జరుగుతున్నందువల్ల 6.4 రేఖ మీ వర్ణపటంలో 6.25 దగ్గర పడుతుంది. అక్కడ వెతకండి.